ఆవృత్తి – అవధానము

కావ్యమునందు ఒకే మాటను ప్రయోజనము లేక రెండుమారులు వాడినచో ఆలంకారికులు దానిని పునరుక్తిదోషమని యెంచిరి. వినువాని చెవికి విసుగు, వాక్యమునకు వృథాభారము అని వారి తలంపు. సాధనమార్గమున నడచిన పెద్దలు దీనికి విరుద్ధముగ, ఒకే నామమును నూరుమారులు, వేయిమారులు, జీవితాంతము పలుకుటయే తరణోపాయమని చెప్పిరి. ఒక శాస్త్రమున దోషమైనది మరియొక మార్గమున ఉపాయ మెట్లయ్యెను? మాటిమాటికి పలుకుటచే మాట అరిగిపోవునా, పదునెక్కునా? ఈ ప్రశ్న పూజాగృహమునకు మాత్రమే పరిమితమైనది కాదు. తల్లి బిడ్డకు దినదినము చెప్పు బుద్ధిమాట, న్యాయస్థానమున సాక్షి చేయు ప్రమాణము, సభలలో మ్రోగు నినాదము, ఇరుగుపొరుగున ఒకరిపై మరల మరల చెప్పుకొను అపవాదు – ఇవన్నియు ఆవృత్తిబలముననే పనిచేయుచున్నవి. కనుక ఆవృత్తి మానవుని యందు ఏమి చేయుచున్నదో యెరుగుట సాధకునకే గాక, సజ్జనుడు కాగోరు ప్రతివానికిని అవసరము.

బ్రహ్మసూత్రముల నాలుగవ అధ్యాయము ఈ విచారముతోనే ప్రారంభమగుచున్నది. శ్రవణాదులను ఒక్కమారు చేసిన చాలునా, మరల మరల చేయవలెనా యని సంశయించి, మరల మరల చేయవలసినదే యని బాదరాయణుడు నిర్ణయించెను. భాష్యమున శంకరులు ఈ సందర్భమున వడ్ల దంపును ఉపమానముగ చూపిరి. దంచువారు ఇన్ని పోటులని లెక్కపెట్టుకొని దంచరు. ఊక తొలగి బియ్యము బయటపడువరకు దంచుదురు. ఫలము ప్రత్యక్షముగ కనబడు క్రియలలో ఆ ఫలోదయమే ఆవృత్తికి అవధి. ఒక్కమారు వినినంతనే తత్త్వమును గ్రహింపగలవానికి ఆవృత్తితో పనిలేదనియు వారే అంగీకరించిరి. దీనివలన ఒక విషయము తేటపడుచున్నది. ఎన్నిమారులు అను సంఖ్యకు తనంతట విలువ లేదు. పొట్టు తొలగినదా లేదా యనునదే ప్రధానము. ఈ దంపుడు ఉపమానమును మనస్సునం దుంచుకొని, గడచిన నూరేండ్లలో మెదడు యొక్క విద్యుద్వ్యాపారమును పరిశీలించిన శాస్త్రజ్ఞులు ఆవృత్తిని గూర్చి ఏమి కనుగొనిరో పరికించుట ఉపయుక్తముగ నుండును.

ఈ శాస్త్రము పుట్టుకయే విచిత్రమైనది. జర్మనీదేశమున హాన్స్ బెర్గరు అను యువకుడు సైనికశిక్షణ పొందుచు ఒకనాడు గుఱ్ఱముపైనుండి పడి, వెంట్రుకవాసిలో మృత్యువును తప్పించుకొనెను. ఆనాడే దూరమున నున్న అతని సోదరికి అకారణముగ ఆందోళన కలుగగా, ఆమె ప్రోద్బలమున తండ్రి క్షేమమడుగుచు తంతివార్త పంపెను. ఒక మనస్సులోని వ్యథ మరియొక మనస్సునకు ఎట్లు చేరెనో తెలిసికొనవలెనను తపన అతనిని జీవితాంతము వెన్నాడెను. యేనా నగరమున మానసికవ్యాధుల వైద్యుడైన పిమ్మట అతడు 1924లో తొలిసారిగ మానవుని తలపైనుండి మెదడు యొక్క విద్యుత్స్పందనములను గ్రహించి, ఐదేండ్లు సరిచూచుకొని 1929లో ప్రకటించెను. మనస్సునుండి మనస్సునకు వార్త చేరు రహస్యము అతనికి చిక్కలేదు. అతనికి దొరకినది వేరొకటి. కనులు మూసి విశ్రాంతిగ నున్నవాని తలపై సెకనునకు సుమారు పది పర్యాయములు లేచిపడు తరంగములు కనబడెను. వానికి ఆల్ఫా తరంగములని పేరిడెను. కనులు తెరచినను, మనస్సులో లెక్క చేయబూనినను ఆ తరంగములు అణగిపోవును. తొలుత నమ్మినవారు అరుదు. 1934లో కేంబ్రిడ్జియందు ఏడ్రియన్, మాథ్యూస్ అను శాస్త్రజ్ఞులు స్వయముగ పరీక్షించి ధ్రువపరచిన మీదట లోకము అంగీకరించెను. ఈ స్పందనముల బలము అత్యల్పము. వోల్టులో పదిలక్షలవ వంతును మైక్రోవోల్టు అందురు. తలచర్మముపై లభించునది అట్టివి కొన్ని పదులు మాత్రమే.

గోడగడియారము రేయింబవళ్లు టిక్కుటిక్కుమని పలుకుచునే యుండును. ఇంటివారికి అది వినబడదు. ఏ నడిరేయియో అది ఆగినచో, చదువుకొనుచున్న విద్యార్థి తటాలున తలయెత్తి చూచును. ఈ సామాన్యానుభవమునకు మెదడునందు గల జాడను మాంట్రియల్ నగరమున షార్ప్‌లెస్, జాస్పర్ అను పరిశోధకులు 1956లో చూపిరి. నిదురించుచున్న పిల్లికి ఒక ధ్వనిని వినిపింపగా దాని మెదడు తరంగములు మేల్కాంచిన స్థితికి మారెను. అదే ధ్వనిని మాటిమాటికి వినిపింపగా ఆ మార్పు క్రమముగ సన్నగిల్లి, తుదకు పిల్లి ఉలుకక నిదురించెను. ధ్వనియొక్క స్థాయిని మార్చినంతనే మరల మేల్కాంచెను. ఆ కాలముననే మాస్కో నగరమున సోకలోవ్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి పరీక్షలను జరిపి మరియొక సూక్ష్మమును గుర్తించెను. అలవాటైన ధ్వనిని పొట్టిచేసినను, రావలసిన వేళకు రాకుండ ఆపినను మెదడు ఉలికిపడుచున్నది. కనుక ప్రతిస్పందనము తగ్గుటకు కారణము అలసట కాదు. అలసినవాడు నిశ్శబ్దమునకు ఉలికిపడడు గదా! మెదడు ఆ ధ్వని నమూనాను తనలో నిర్మించుకొనుచున్నది. వచ్చినది ఆ నమూనాతో సరిపోయినచో విడిచిపుచ్చుచున్నది. సరిపోనిచో అవధానమును మేల్కొల్పుచున్నది. తెలిసినదానికై వ్యయము తగ్గించి, తెలియనిదానికై దాచుకొనుట – గృహిణి చేయు పొదుపు వంటిదే ఇది.

ధ్వనిని గూర్చిన ఈ నియమము అర్థముగల మాటకును వర్తించునా? దీనికి సమాధానము 1980లో కాలిఫోర్నియాలోని శాన్‌డియేగోయందు కూటాస్, హిల్‌యార్డ్ అను వారు జరిపిన పరిశోధనతో లభింపసాగెను. వాక్యమునందలి మాటలను ఒక్కొక్కటిగ చూపుచు, చివరి మాటను సందర్భమునకు పొసగనిదిగ ఉంచిరి. తెలుగున చెప్పవలెనన్న, తల్లి బిడ్డకు పప్పు, నెయ్యి, ఇటుక కలిపి అన్నము పెట్టెను అన్నట్లు! ఇటుక యను మాట కంటబడిన సెకనులో వేయింట నాలుగు వందలవ వంతు ప్రాంతమున మెదడుపై ఒక ప్రత్యేకమైన ఋణతరంగము లేచును. దానికి ఎన్-400 అని పేరు. పొసగని మాటకే గాక ప్రతి మాటకును ఇది కొంత లేచును. ఆ మాట యర్థమును అందుకొనుటకు మెదడు పడు శ్రమకు అది కొలబద్ద వంటిది. ఒకే పర్యాయమున ఇది కనబడదు. సముద్రఘోషలో గుసగుసవలె మెదడు తక్కిన స్పందనములలో మునిగియుండును. అనేక పర్యాయముల ఫలితములను కూడి సగటు తీసినప్పుడే బయటపడును.

మాట కొలదికాలములోనే రెండవమారు కనబడినచో ఈ తరంగము చిన్నదగునని తరువాతి పరిశోధనలు తెలిపినవి. అనగా అర్థమును వెదకు శ్రమ తగ్గినది. తలుపు అదివరకే తెరచియున్నది. అదేవేళ, సెకనులో అర్ధభాగము గడచిన పిమ్మట వచ్చు మరియొక తరంగము బలపడును. ఇది పూర్వము చూచినదే యను జ్ఞప్తికి ఆ తరంగమునకు సంబంధము కలదు. కాబట్టి ఆవృత్తిచే మెదడు మాటను పోగొట్టుకొనుచున్నదనుట సరికాదు. మాటను వెదకుట తగ్గి, గుర్తించుట పెరుగుచున్నది.

అయినను ఇంతటితో కథ ముగియలేదు. ఒకే మాటను ఎడతెగక చూచుచుండినను, పలుకుచుండినను కొంతసేపటికి అది అర్థము లేని చప్పుడై పోవుట పిల్లలకును తెలిసిన వినోదము. దీనిని శాస్త్రీయముగ పరిశీలించి సెవరెన్స్, వాష్‌బర్న్ అను అమెరికా విదుషీమణులు 1907లోనే వ్యాసము ప్రకటించిరి. 1962లో మాంట్రియల్‌లోని మెగ్గిల్ విశ్వవిద్యాలయమున జాకబోవిట్స్ ఈ విషయముపై పరిశోధన చేసి, దీనికి అర్థతృప్తి అని చెప్పదగిన పేరుపెట్టెను. తృప్తిగ భుజించినవానికి మరియొక ముద్ద సహింపనట్లు, మాటకు అర్థము సహింపకుండ పోవును. 2000లో కూనియోస్ మొదలగువారు విద్యుత్తరంగములను గ్రహించి, ఎడతెగని ఆవృత్తి పిమ్మట సంబంధముగల మాటకును సంబంధములేని మాటకును ఎన్-400 చూపు భేదము సన్నగిల్లునని తెలిపిరి. అలసినది కన్ను మాత్రమే కాదు, చెవి మాత్రమే కాదు. మాటకును భావమునకును గల ముడియే తాత్కాలికముగ సడలుచున్నది.

ఇచ్చట శంకరుల ఉపమానము నూత్నకాంతితో ప్రకాశించుచున్నది. దంపుచే ఊక తొలగును. అది మొదటి దశ. ఊక తొలగినపిమ్మటను దృష్టి యెచ్చటనో పెట్టి ఊరక దంచుచుండినచో బియ్యము నూకయగును. ఆవృత్తికి రెండు ముఖములు కలవు. అది శ్రమను తగ్గించి మనస్సున కొంత చోటును కల్పించును. ఆ చోటును ఎరుకతో నింపుటయో, నిదురకు విడుచుటయో ఆవృత్తి చేతిలో లేదు. పలుకువాని చేతిలో నున్నది. పతంజలి ఈ యపాయమును ఎరిగియే కాబోలు, ప్రణవజపముతోపాటు దాని అర్థమును భావించుటను జోడించెను. అభ్యాసము దృఢమగుటకు దీర్ఘకాలము, నైరంతర్యము అను రెండింటితో తృప్తిపడక, సత్కారమును మూడవదిగ చేర్చెను. మొదటి రెండును గడియారమునకును కలవు. మూడవది మానవునకే సాధ్యము.

సత్కారములేని ఆవృత్తి ఎంత అపాయకరమో లోకవ్యవహారమున స్పష్టముగ కనబడును. రైలు ఇంజను నడుపువాడును అతని సహాయకుడును దారిలో వచ్చు ప్రతి సిగ్నలును చూచి, దాని సూచనను ఒకరికొకరు పైకి చెప్పుకొనవలెనని భారతీయ రైల్వేలలో నియమము కలదు. ఒక రాత్రిలో ఎన్ని సిగ్నళ్లో! పెక్కింటికి ఒకటే మాట. కన్ను చూచిన పిమ్మట నోరు పలికినచో ఆ మాట వందలమంది ప్రాణములకు కావలి. నోరు ముందు పలికి, కన్ను వెనుకబడినచో అదే మాట మృత్యువునకు తలుపు తీయును. బయటినుండి వినువానికి రెండు పలుకులకును భేదము తెలియదు. భేదమంతయు పలుకువాని లోపల నున్నది. నియమమును వ్రాసినవారు మాటను విధింపగలరు. ఆ మాట వెనుక కన్ను తెరచియుండునట్లు చేయుట ఆ నడుపువాని ధర్మము.

ఇంతకంటెను లోతైన అపాయము మరియొకటి కలదు. మెదడు సులభముగ గ్రహించినదానిని సత్యముగ భ్రమించు స్వభావము మానవునకు కలదు. 1977లో హాషర్, గోల్డ్‌స్టీన్, టోపినో అను అమెరికా శాస్త్రజ్ఞులు విద్యార్థులకు కొన్ని వాక్యములను వినిపించి, అవి నిజమని ఎంతవరకు తోచునో చెప్పుమనిరి. రెండేసి వారముల వ్యవధితో మూడు పర్యాయములు ఇట్లు చేసిరి. వానిలో కొన్ని వాక్యములు మాత్రమే మరల మరల వచ్చినవి. అట్లు వచ్చిన వాక్యములు, సత్యములైనను అసత్యములైనను, పర్యాయమునకు పర్యాయము అధికముగ నమ్మదగినవిగ తోచినవి. విషయము తెలియనివారే ఇట్లు మోసపోవుదురని తలచుటకు వీలులేదు. సరియైన సంగతి ముందే తెలిసినవారును ఈ భ్రమకు లోనగుదురని 2015లో ఫేజియో మొదలగువారు తెలిపిరి.

దీని పర్యవసానమును ఆలోచింపవలెను. ఒక కుటుంబముపై, ఒక కులముపై, ఒక మతమువారిపై నిరాధారమైన మాట ఒకటి బయలుదేరును. మొదట వినినవాడు ముఖము చిట్లించును. రెండవమారు వినినపుడు మెదడునకు వెదకులాట తగ్గినది. మూడవమారు అది పరిచితమైనది. పదవమారు లోకమంతయు ఎరిగిన సంగతియైనది. ఈలోగా ఎవడును దానిని పరీక్షింపలేదు. అబద్ధమాడినవాడు ఒక్కడే కావచ్చును. దానిని సత్యమువలె నిలిపినది మాత్రము నిర్లక్ష్యముగ తిరిగి పలికిన పదిమంది. నేను చెప్పలేదు, వినిన మాటనే అంటిని అని తప్పుకొనువాడు తన పాత్రను తక్కువగ అంచనా వేయుచున్నాడు. ఆవృత్తియే ఆ మాటకు బలమైనపుడు, తిరిగి పలుకుట కొత్తగ పలుకుటతో సమానమైన కర్మమే యగును. సత్యవ్రతము అబద్ధమాడకుండుటతో పూర్తికాదు. సత్యమని ఎరుగని మాటను మోయకుండుటయు అందులోని భాగమే.

ఈ భ్రమకు విరుగుడు కూడ పరిశోధకులు కొంత చూపిరి. 2020లో బ్రాషియర్ మొదలగువారు ప్రకటించిన పరీక్షలలో, వాక్యమును తొలిమారు వినునప్పుడే ఇది నిజమా యని తూచుడని కోరగా, తమకు తెలిసిన విషయముల యెడల పాల్గొన్నవారు తరువాత ఆ భ్రమలో పడలేదు. వాకిటనే నిలిపి ప్రశ్నింపబడిన అతిథి ఇంటివానివలె నటింపలేడు. ఆవృత్తికి ముందే అవధానము నిలుచుట ఎంత మేలో దీనివలన విశదము.

అవధానము నిలిచిన చోట ఆవృత్తి మాటను చంపజాలదనుటకును సాక్ష్యము కలదు. 1960లో ఇంగ్లండున ఆస్వాల్డ్, టేలర్, ట్రీస్‌మన్ అను వారు నిదురించుచున్నవారికి అనేకుల పేర్లను వినిపించి వారి మెదడు తరంగములను గ్రహించిరి. పరుల పేర్లకంటె తమ పేరు వినబడినపుడు నిద్రాసమయమున కనబడు ఒక పెద్ద తరంగము అధికముగ లేచెను. వింత యేమనగా, ఒక మానవుడు పుట్టినది మొదలు అత్యధికముగ వినిన మాటలలో అతని పేరు ఒకటి. కేవలము ఆవృత్తియే నియమమైనచో, అది గడియారపు చప్పుడువలె ఏనాడో వినబడకుండ పోవలసినది. అట్లు పోలేదు. ఆ మాట పలికిన ప్రతిమారును ఎవరో అతనిని పిలిచిరి. అతడు తిరిగి చూచెను. మరల మరల వినబడినను ప్రతిమారు సంబంధము నిజమగుటచే అది నిదురలోను సజీవముగ నిలిచినది.

తెలుగువారికి అష్టావధానము సుపరిచితము. ఒకడు సమస్య నిచ్చును, ఒకడు నిషిద్ధాక్షరితో అడ్డుపడును, ఒకడు అప్రస్తుతప్రసంగముతో చిత్తమును చెదరగొట్టును. నడుమ మరియొకడు తనకు తోచినపుడెల్ల గంట మ్రోగించును. గంటనాదము ప్రతిమారును ఒకటే. సభలోనివారు రెండుమూడు మ్రోతల పిమ్మట దానిని మరతురు. అవధాని మాత్రము పద్యములల్లుచునే, ప్రతి మ్రోతను కొత్తదిగ స్వీకరించి, తుదకు ఎన్ని మ్రోతలో తప్పక చెప్పవలెను. అదే నాదము సభకు చప్పుడు, అవధానికి బాధ్యత. ఆవృత్తికిని అవధానమునకును సహజవైరము లేదనుటకు ఇంతకంటె సుందరమైన నిదర్శనము దొరకుట అరుదు.

జపధ్యానములు చేయువారి మెదడును నేరుగ పరీక్షించిన ప్రయత్నములు కూడ కలవు. న్యూఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో ఆనంద్, ఛీనా, బల్దేవ్ సింగ్ అను వైద్యశాస్త్రజ్ఞులు 1961లో కొందరు యోగుల తరంగములను ప్రకటించిరి. సాధారణస్థితిలో వెలుతురునకు, శబ్దమునకు అణగిపోవు ఆల్ఫా తరంగములు ధ్యానస్థితిలో అణగలేదని వారు తెలిపిరి. 1966లో జపానుదేశమున కాసమాట్సు, హిరాయి అను వారు జెన్ సాధువులను పరీక్షించి వేరొక ఫలితమును చూపిరి. ఒకే చప్పుడును మరల మరల వినిపింపగా సామాన్యుల మెదడు కొలదిసేపటిలో దానిని పట్టించుకొనుట మానెను. అనుభవజ్ఞులైన జెన్ సాధువుల మెదడు మాత్రము ప్రతిమారును తొలిమారువలె స్పందించి, వెంటనే శాంతించెను. ఒకచోట బాహ్యము చొరలేదు. మరియొకచోట బాహ్యము ప్రతిమారును నూతనముగ చొచ్చి, నిలువక వెడలిపోయెను. ఈ రెండు చిత్రములును మనోహరములే. కాని 1981లో బెకర్, షపైరో అను వారు జెన్, యోగ మొదలగు మార్గముల అభ్యాసకులను, అభ్యాసము లేనివారిని కలిపి పరీక్షింపగా, అందరి మెదళ్లును చప్పుళ్లకు ఒకే తీరున అలవాటుపడెను. కనుక పూర్వపు పరిశోధనలను మతమునకు విజయధ్వజములుగ ఎత్తుట ఉచితము కాదు. పరీక్షింపబడినవారు కొలదిమంది, పరీక్షా విధానములు వేరువేరు. సత్యమును ఆశ్రయించినవాడు తనకు అనుకూలమైన ఫలితమును మాత్రమే మరల మరల చెప్పినచో, పైన నిందింపబడిన దోషమే అతనికిని అంటును.

మరియొక పరిశోధన సాధకునకు చిక్కుప్రశ్నను తెచ్చిపెట్టినది. 2015లో ఇజ్రాయేలులోని వైజ్‌మన్ సంస్థకు చెందిన పరిశోధకులు, ధ్యానాభ్యాసము లేనివారిచే హీబ్రూభాషలో ఒకటి అను అర్థముగల మాటను మనస్సులో మరల మరల పలికించిరి. ఇచ్చట వారు కొలిచినది విద్యుత్తును కాదు, మెదడునందలి రక్తప్రసారమున కలుగు మార్పులను. ఆ సరళమైన ఆవృత్తిచే మెదడున విశాలభాగములలో వ్యాపారము తగ్గెను. ముఖ్యముగ, పనిలేనపుడు తన్ను గూర్చియు గతమును గూర్చియు అల్లికలు అల్లు భాగములు నెమ్మదించినవి. అట్లయినచో, అని ఆక్షేపకుడు అడుగును, ఇష్టదేవతా నామమునకును అంకెల పట్టికలోని ఒకటికిని భేదమేమి? ఏ మాటయైనను మనస్సును నెమ్మది పరచునెడల నామమహిమ ఏమైనట్లు?

ఈ యాక్షేపమును కోపముతో త్రోసివేయరాదు. అందులో సత్యాంశము కలదు. చంచలమైన మనస్సు ఒక్క మాటను పట్టుకొని నిలిచినచో నెమ్మదించుట దేహధర్మము. అది ఆస్తికునకును నాస్తికునకును సమానమే. కాని నెమ్మది సాధనకు ద్వారము మాత్రమే. దానినే గమ్యమని సాధనశాస్త్రము ఎన్నడును చెప్పలేదు. గాఢనిద్రయందును అల్లికలు ఆగును. లేచినవాడు నిన్నటి మనిషియే. దీపమునకు గాలి తగులకుండ గూడు కట్టుట అవసరము. గూడు కట్టినంత మాత్రమున దీపము వెలుగదు. చిత్తము నిలుచుటకు ఏ మాటయైనను చాలవచ్చును. నిలిచిన చిత్తము దేనివైపు మరలునో నిర్ణయించునది ఆ మాటలోని అర్థము, దానిపై గల ప్రేమ. మరల మరల పలికిన పేరు ఎవరిదో, ఆ పిలుపులో సంబంధము ఎంత నిజమో యనునది తలపై నుంచిన లోహపుబిళ్లలకు అందదు. ఆ పరీక్ష జరుగు చోటు వేరు. జపమాల ప్రక్కనబెట్టిన పిమ్మట సేవకునితో మాటలాడునప్పుడు, తూకము వేయునప్పుడు, అన్నదమ్ములు ఆస్తి పంచుకొనునప్పుడు ఆ నామము ఏమి చేసినదో బయటపడును.

కనుక యంత్రము చెప్పినదానికంటె ఎక్కువ దానిచే చెప్పింపరాదు. చెప్పినదానిని చులకన చేయనురాదు. మెదడు ఆవృత్తియందు పొదుపు చేయునని అది చెప్పినది. పొదుపు చేసిన ధనముతో కొందరు ధర్మకార్యములు చేయుదురు, కొందరు వ్యసనములలో పడుదురు. ఆ తప్పొప్పులు ధనమునకు చెందవు. జపసంఖ్య పూర్తియైనదని తృప్తిపడు సాధకుడును, ప్రతిదినము క్షమింపుడని పలికి ప్రతిదినము అదే తప్పు చేయువాడును ఒకే పొదుపును వృథా చేయుచున్నారు. నోటికి మాట సులభమగుకొలది, దాని వెనుక మనస్సును నిలుపు బాధ్యత పెరుగును.

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయమున ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతునకు ఒకే మహావాక్యమును తొమ్మిది పర్యాయములు ఉపదేశించెను. వేదములు చదివి గర్వముతో ఇంటికి వచ్చిన యువకునకు తొమ్మిదిమారులు ఒకే మాట! అయినను విసుగునకు తావులేదు. నిద్రను గూర్చి ఒకమారు, పువ్వులనుండి కూడిన తేనెను గూర్చి ఒకమారు, సముద్రమున కలియు నదులను గూర్చి ఒకమారు, మర్రిగింజను పగులగొట్టించి ఒకమారు, నీట కరగిన ఉప్పును రుచిచూపించి ఒకమారు – ఇట్లు ప్రతి పర్యాయమును కొత్తదారిన నడిపించి అదే వాకిట నిలిపెను. మాట మారలేదు, మాటను చేరు త్రోవ మారినది. శిష్యుడును మౌనముగ తల యూపి యూరకుండలేదు. ఒక్కొక్క ఉపదేశము ముగిసినంతనే ఇంకను విశదపరుపుడని అడిగెను. గురువు వైపున కొత్త వెలుగు, శిష్యుని వైపున కొత్త ఆకలి – ఈ రెండింటి నడుమ పలుకబడుటచేతనే తొమ్మిదవ పర్యాయమునను ఆ వాక్యము తొలి పర్యాయమంత తాజాగ నుండెను. ఇంటిలో ప్రతి సంధ్యయందు నామము పలుకువారును, బిడ్డకు ప్రతి ఉదయము ఒకే బుద్ధి చెప్పువారును తమ్ము తాము అడుగదగిన ప్రశ్న ఒక్కటి కలదు: నిన్న పలికిన మాటనే నేడు పలుకుచున్నపుడు, అడుగువాడును వినువాడును లోపల మేల్కొనియే యున్నారా?